కూలర్ చేసే ముందు తడిగుడ్డ పెట్టి చూడండి

నేను రియాద్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. చదివింది ఐటీఐ. రెస్ట్ షెడ్‌కి తక్కువ ఖర్చుతో కూలర్ ఎట్లా చేసుకోవాలో చెప్పమన్నారు. చెప్తాను. కానీ ముందు, మీరు ఏ ఊర్లో ఉన్నారు?

ఎందుకంటే సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని బంద్. ఆ మూడు గంటల్లో ఒళ్లు చల్లబడకపోతే, మళ్లీ ఎండలోకి పోయే మనిషికి వడదెబ్బ ప్రమాదం.

రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని కొనకు తడి నూలుగుడ్డ చుట్టి, రెండింటినీ నీడలో ఫ్యాన్ ముందు పెట్టండి. పది నిమిషాల తర్వాత రెండూ చూడండి. కూలర్ ఎంత బాగా చేసినా తడిగుడ్డ చూపించే డిగ్రీ కంటే కిందికి పోదు. మామూలు కూలర్ గడ్డితో ఆ తేడాలో 70 శాతం దాకా తగ్గుతుంది.

రియాద్‌లో 44 డిగ్రీలు, గాలిలో తేమ 10 శాతం అనుకోండి. తడిగుడ్డ 21 దగ్గర ఉంటుంది. తేడా 23. కూలర్ గాలి 28కి వస్తుంది. అదే సముద్రం పక్కన దమ్మామ్‌లోనో దుబాయ్‌లోనో ఆగస్టులో 38 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే తడిగుడ్డ 31 చూపిస్తుంది. గాలి 33కి వస్తుంది గానీ తేమతో నిండిపోతుంది, చెమట ఆరదు. నిజామాబాద్‌లో మే నెలలో హాయిగా ఉండే కూలరే విశాఖలో జిగటగా ఎందుకుంటుందో మనకు తెలిసిందే. తేడా పది డిగ్రీల లోపు ఉంటే కూలర్ వద్దు. ఏసీ గది అడగండి.

ఇక లెక్క. షెడ్ 20 అడుగుల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తు అయితే 1,600 ఘనపుటడుగులు. నిమిషానికి ఒకసారి గాలంతా మారాలి. అంటే 1,600 సీఎఫ్‌ఎం ఫ్యాన్. గడ్డి గుండా గాలి నిమిషానికి 200 అడుగుల వేగం దాటకూడదు కాబట్టి 8 చదరపు అడుగుల గడ్డి కావాలి. యాంగిల్ ఫ్రేమ్‌కి మూడు వైపులా గడ్డి, పైన చిల్లుల పైపు, కింద ట్యాంకు, చిన్న పంపు. రియాద్ ఎండలో గంటకు 20 లీటర్ల నీళ్లు తాగుతుంది, ముందే ఏర్పాటు చేసుకోండి.

కూలర్ బయట ఉండాలి, బయటి పొడి గాలినే లాగాలి. ఎదురు గోడకు మూడు, నాలుగు చదరపు అడుగుల కిటికీ తెరిచి ఉంచాలి. చల్లదనం పోతుందని అది మూసేస్తే అరగంటలో షెడ్ ఆవిరి గది అయిపోతుంది.

నీళ్లు ఆవిరైనా ఉప్పు మిగిలిపోతుంది. రోజూ ట్యాంకు ఖాళీ చేసి కడగండి. దుమ్ముకు చల్లే ట్యాంకర్ నీళ్లు మాత్రం పోయొద్దు, ఆ గాలి పీల్చేది మనవాళ్లే. ఇనుప బాడీ, పక్కనే నీళ్లు, కరెంటు. ఎర్తింగ్, ఈఎల్‌సీబీ లేకుండా స్విచ్ వేయనివ్వకండి.

షెడ్‌లో కూలర్ ఉన్నా తాగే నీళ్లు తప్పనిసరి. జాగ్రత్తగా ఉండండి, ఉంటాను.