తాతయ్య పడిపోతే "వయసైంది" అనేస్తాం... ఈ డాక్టర్ అలా వదిలేయలేదు!

ఇంట్లో తాతయ్యో నానమ్మో బాత్రూమ్‌లో జారిపడితే మనం ఏమంటాం? "వయసైపోయింది కదా, ఏం చేస్తాం" అంటాం. అమెరికాలో, యేల్ యూనివర్సిటీలో పనిచేసే డాక్టర్ మేరీ టినెట్టి ఆ మాటతో సరిపెట్టుకోలేదు.

75 ఏళ్లు, ఆపైన ఉన్న 336 మందిని ఆవిడ టీమ్ ఏడాదిపాటు గమనించింది. 1988లో రిజల్ట్స్ బయటికొచ్చాయి. దాదాపు మూడోవంతు మంది కనీసం ఒక్కసారైనా పడ్డారు. నిద్రమాత్రలు, కాళ్లలో బలం లేకపోవడం, నడకలో తూలడం, పాదాల సమస్యలు... ఇలాంటి రిస్కులు ఏవీ లేనివాళ్లు పడే అవకాశం 8 శాతమే. నాలుగో, ఇంకా ఎక్కువో ఉంటే? 78 శాతం! అంటే ఇది తలరాత కాదు, ఒక్కో కారణాన్నీ విడిగా పట్టుకోవచ్చన్నమాట.

1994లో ఇంకో స్టడీ. 301 మందిలో సగం మందికి మందులు సరిచూశారు, ఎక్సర్‌సైజులు నేర్పారు. ఏడాదిలో వాళ్లలో 35 శాతం మంది పడ్డారు, మిగతావాళ్లలో 47 శాతం. తర్వాత కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ప్రాంతంలోని డాక్టర్లకి, థెరపిస్టులకి ఇదే పద్ధతి నేర్పితే, పడి గట్టి దెబ్బలు తగలడం వేరే ప్రాంతం కంటే 9 శాతం తగ్గింది. 2009లో ఆవిడకి మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. నానమ్మ కుర్చీలోంచి ఎలా లేస్తుందో చూడండి. వాడే మాత్రలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి డాక్టర్‌కి చూపించండి. మీరే ఆపేయకండి, అడగండి. పడ్డాక పరిగెత్తే కంటే, పడకముందే అడగడం మేలు కదా! ఉంటా మరి.