గోదాము నేల

మన బళ్ళారి, రాయచూరు ప్రాంతాల్లో వడ్లు, పత్తి గోదాములకు చేరే రోజుల్లో అందరి చూపూ పైకప్పు మీదే. కాళ్ళకింది నేలను పట్టించుకునేవారు తక్కువ.

నా తరగతిలో ఒక అబ్బాయి నెల రోజులు బడికి రాలేదు. వాళ్ళ నాన్న హమాలీ. 50 కిలోల బస్తా వీపున ఉండగా, గచ్చు లేచిపోయిన గుంటలో కాలు మడతపడి పడ్డాడు. ఇల్లు గడవాలని పిల్లవాడు పత్తి తీయడానికి పోయాడు.

ఇప్పుడు యజమాని లెక్క చూద్దాం. గతుకుల నేలమీద తోపుడుబండి నిదానిస్తుంది, లారీ నిలిచిపోతుంది. బస్తాకు 50 గ్రాముల గింజలు పగుళ్ళలో పోయినా, 1,000 బస్తాలకు ఒక నిండు బస్తా నష్టం. ఆ పగుళ్ళలోనే పురుగు దాగుతుంది. నేల చెమ్మ ఎక్కి అడుగు బస్తాలకు బూజు పడుతుంది.

కాబట్టి కోతలకు ముందే పగుళ్ళు పూడ్పించండి. బస్తాల కింద చెక్కలు వేయండి. నడిచే దారి రోజూ ఊడ్పించండి. హమాలీ అన్నలారా, గుంట కనిపిస్తే బస్తా ఎత్తకముందే చెప్పండి.

మా అబ్బాయి తిరిగి బడికి వచ్చాడు. ఆ గుంట పూడ్చడానికి పట్టింది రెండు తట్టల కాంక్రీటు మాత్రమే.