వర్చువల్ లోకంలో ఉనికి, మనసు అవసరాలు

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెట్టుకున్నవారికి తాము గదిలో కాక ఎదుటి దృశ్యంలోనే ఉన్నట్టు తోచడాన్ని ఉనికి అనుభూతి అంటారు. చోటు నిజమనిపించడం భౌతిక ఉనికి. తోటివారు పక్కనే ఉన్నారనిపించడం సామాజిక ఉనికి. ఆ లోకంలో తనకు బదులుగా కదిలే రూపం, అంటే అవతార్, తన ఒళ్లే అనిపించడం స్వీయ ఉనికి.

ఈ ఉనికి అనుభూతికి మనసు అవసరాలతోనూ సంబంధం ఉంది. అమెరికా మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ సిద్ధాంతం ప్రకారం మనిషికి స్వేచ్ఛ, సామర్థ్యం, సాన్నిహిత్యం ప్రాథమిక మానసిక అవసరాలు. వర్చువల్ లోకంలో నలుగురూ కలుసుకునే వీఆర్‌చాట్ వంటి వేదికల్లో తన రూపాన్ని తానే ఎంచుకోవడం స్వేచ్ఛకు, ఆటలాడటం, కొత్త లోకాలు నిర్మించడం సామర్థ్యానికి, ఎదురెదురుగా నిలబడి కబుర్లాడుకోవడం సాన్నిహిత్యానికి వీలు కల్పిస్తాయి. మాటకు తగ్గట్టు తల, చేతులు కదిలి, గొంతు మనిషి ఉన్న దిక్కు నుంచే వినిపిస్తే ఆ సాన్నిహిత్యం బలపడుతుంది. అయితే ఉనికి అనుభూతి గాఢమైతే వేధింపు కూడా గట్టిగానే తాకుతుంది. అందుకే ఇలాంటి వేదికల్లో బ్లాక్ చేసే సదుపాయం, వ్యక్తిగత హద్దులు ఉంటాయి.