పరదేశ వాసము – స్థిర నివాసము

(డయోసీసు శతజయంతి ఉత్సవాలలో ఒక సాయంకాల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పరదేశంలో ఉన్న మన బిడ్డల పక్షంగా నాలుగు మాటలు చెప్పమని గురువుగారు మమ్మల్ని కోరారు. మేము పండితులము కాము. ఈ సంఘంలో బాప్తిస్మం పొంది, ఈ సండేస్కూలులో చదువుకొని, ఈ గుడిలోనే వివాహమాడి, 2008లో బ్రతుకుతెరువు కోసం అమెరికా వెళ్లిన దంపతులము. సెలవులకు వచ్చిన ప్రతిసారీ మీరు ప్రేమతో అడిగిన ప్రశ్న ఒక్కటే: "గ్రీన్ కార్డు వచ్చిందా?" దానికి జవాబు చెప్పడానికి మాకు పద్నాలుగేళ్లు పట్టింది. ఆ జవాబు ఈరోజు పూర్తిగా చెప్పుకుంటాము.

మొదట మనిషి వెళ్లేది తాత్కాలిక ఉద్యోగ వీసా మీద. దాన్ని హెచ్-1బి అంటారు. మూడేళ్లు, పొడిగిస్తే మరి మూడేళ్లు, వెరసి ఆరేళ్లు. స్థిరనివాసం కావాలంటే మావంటి ఉద్యోగులు తమంతట తాము అడిగే వీలు లేదు, యజమాని అడగాలి. ఆ పనికి తగిన అమెరికా కార్మికుడు దొరకలేదని ప్రకటనలు వేసి, కార్మిక శాఖకు చూపాలి. ఆ దరఖాస్తు చేరిన తేదీయే వరుసలో మన చోటు. మా మొదటి యజమాని, పేరు చెప్పము, "ఇదిగో, అదిగో" అంటూ నాలుగేళ్లు గడిపాడు. మా దరఖాస్తు 2012 నవంబరులో గాని చేరలేదు. మరుసటి సంవత్సరం వలస శాఖ ఆమోదం దొరికింది గనుక, 2000లో చేసిన ఒక చట్టం ప్రకారం ఆరేళ్లు దాటినా మూడేసి ఏళ్లు పొడిగించుకుంటూ ఉండగలిగాము.

ఇంత ఆలస్యమెందుకని అడుగుతారు. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగం మూలంగా ఇచ్చే స్థిరనివాసాలు ఏడాదికి సుమారు 1,40,000. భార్య, భర్త, పిల్లలు కూడా ఆ లెక్కలోనే. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా సాధారణంగా నూటికి 7కు మించి ఇవ్వరు. చిన్న దేశానికీ అదే హద్దు, మన దేశానికీ అదే హద్దు. అందుచేత మన వరుస పెరిగి పెరిగి ఊరు దాటింది. ఏ తేదీ వరకు పిలుపు వచ్చిందో నెలనెలా ఒక పట్టికలో ప్రకటిస్తారు. మన ఇళ్లలో పంచాంగం చూడము గాని, మేము ఆ పట్టికను అంత నిష్ఠగా చూశాము. కొన్ని నెలలు తేదీ ముందుకు జరుగుతుంది, కొన్ని నెలలు కదలదు, ఒక్కోసారి వెనక్కు కూడా పోతుంది.

యాకోబు రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేశాడు. మోసపోయి మరి ఏడేళ్లు చేశాడు. మా ఇంట్లోనూ ఒక ఏడేళ్ల కథ ఉన్నది. ఇక్కడ హైస్కూలులో లెక్కలు చెప్పిన మాలో ఒకరికి అక్కడ పని చేసే అనుమతి లేదు. 2015లో నిబంధన మారేవరకు ఏడేళ్లు ఇంటిపట్టునే ఉండవలసి వచ్చింది. ఆ ఏడేళ్ల దుఃఖం ఉత్తరాలలో రాయలేదు. రాస్తే అమ్మ బాధపడుతుందని.

2020లో నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. అప్పుడు కొవిడ్ కాలం. కాన్సులేట్లు మూసి ఉన్నాయి. మావంటి వీసాలవారి రాకను నిలిపివేస్తూ ఆ జూన్ నెలలో ఉత్తర్వు కూడా వచ్చింది. వస్తే తిరిగి వెళ్లలేము, ఉద్యోగం పోతుంది, పిల్లల చదువు ఆగుతుంది. నాన్నగారి సమాధి కార్యక్రమం ఫోనులో చూశాము. మా బదులు మీరు నిలబడ్డారు. మట్టి వేసిన చేతులు మీవి. ఆ ఋణం తీర్చలేము. ఈ సభలో ఒప్పుకుంటున్నాము.

మా వంతు 2022లో వచ్చింది. దాని కారణం కూడా దాచకూడదు. కాన్సులేట్లు మూతపడినందున కుటుంబ బంధువులకు ఇవ్వవలసిన స్థిరనివాసాలు చాలా మిగిలిపోయి, చట్టం ప్రకారం ఉద్యోగాల లెక్కలో కలిశాయి. ఆ ఆర్థిక సంవత్సరంలో సుమారు 2,81,000 దొరికాయి. అంటే ఎవరి తోబుట్టువుకో మూసుకున్న తలుపు మాకు తెరుచుకున్నది. స్తోత్రం చెప్పాము గాని, తల వంచుకొని చెప్పాము.

ఆ దరఖాస్తుకు జనన ధృవీకరణ పత్రం కావలసి వచ్చింది. మాలో ఒకరు పల్లెలో ఇంట్లో పుట్టినందున పంచాయతీలో నమోదు లేదు. నమోదు లేదన్న పత్రంతోపాటు మన గుడి బాప్తిస్మపు రిజిస్టరు నకలు పంపాము. ఎన్నడో ఒక గురువుగారు ముత్యాలవంటి అక్షరాలతో రాసిన ఆ ఒక్క వరుస సముద్రం దాటి సాక్ష్యం పలికింది. సంఘ పెద్దలారా, ఆ పుస్తకాలను చెదపురుగుల పాలు చేయకండి.

అయితే మా ఇంట ఆనందం సంపూర్ణం కాలేదు. ఇక్కడ పుట్టి, తొమ్మిదో ఏట మాతో వచ్చిన మా పెద్దమ్మాయికి 2020లోనే 21 ఏళ్లు నిండాయి. అంతటితో చట్టం దృష్టిలో ఆమె మా బిడ్డగా లెక్కకు రాదు. 2002లో చేసిన ఒక చట్టం కొన్ని నెలల వయసు తగ్గించి లెక్కిస్తుంది గాని, అది ఆమెకు చాలలేదు. విద్యార్థి వీసా తీసుకొని చదివి, ఇప్పుడు ఉద్యోగ వీసా మీద ఉన్నది. వరుసలో మళ్లీ చివర నిలబడింది. మా పేరిట ఆమెకు దరఖాస్తు పెట్టే దారి ఉన్నా అదీ ఏళ్ల వరుసే. అక్కడ పుట్టిన తమ్ముడు పౌరుడు, మేము స్థిరనివాసులము, ఆమె పరదేశి. ఒకే బల్ల దగ్గర నలుగురు మూడు విధాలు. "నాన్నా, నా ఊరేది?" అని ఒకనాడు అడిగింది. మా వద్ద జవాబు లేదు.

కాబట్టి యౌవనులారా, వెళ్లవద్దని మేము చెప్పము. లెక్క చూసుకొని వెళ్లండి. స్థిరనివాసపు దరఖాస్తు ఎప్పుడు వేస్తారో యజమానిని మొదటే అడిగి కాగితం మీద రాయించుకోండి. కార్మిక శాఖ దరఖాస్తు ఖర్చు యజమానే భరించాలని 2007 నుండి నిబంధన ఉన్నది; దాని పేరిట ఎవరికీ డబ్బు ఇవ్వకండి. మీ పిల్లల వయసు వరుస పొడవుతో సరిచూడండి. కార్డు వచ్చినంత మాత్రాన మన పౌరసత్వం పోదు. ఆ దేశ పౌరులైతేనే పోతుంది. ఆ ఎంపికకు సాధారణంగా కార్డు వచ్చిన అయిదేళ్లకు వీలు కలుగుతుంది. మాకు ఆ గడువు 2027లో. ఇంకా తేల్చుకోలేదు.

తల్లిదండ్రులారా, ఫోను ఎత్తగానే కార్డు సంగతి అడగకండి. భోజనం చేశావా అని అడగండి. సంబంధాలు చూచేటప్పుడు కార్డును కట్నంలో కలపకండి.

అబ్రాహాము కనానులో ఎంతకాలమున్నా పరదేశినని చెప్పుకొని, శారా సమాధి కోసం నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చి కొంత నేల కొన్నాడు. బబులోనుకు చెరపోయినవారికి యిర్మీయా ఉత్తరం రాస్తూ, అక్కడే ఇళ్లు కట్టుకొమ్మని, తోటలు నాటుకొమ్మని, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించమని చెప్పాడు. మేము ఈ రెండింటి నడుమ ఉన్నాము. అక్కడ కరివేపాకు మొక్క నాటాము. చలికాలం దాన్ని ఇంట్లోకి తెచ్చి కాపాడుకుంటున్నాము. ఇక్కడ నాన్నగారి సమాధి ఉన్నది.

ఈ శతజయంతి వేళ మా మనవి ఒక్కటే. సంఘపు జాబితాలో మా పేర్లు కొట్టివేయకండి. మా అమ్మాయి కోసం ప్రార్థించండి. ఆమె ఎప్పుడైనా ఈ గుడి మెట్లెక్కితే, ఎవరమ్మాయివని కాదు, మన అమ్మాయి వచ్చిందని పలకరించండి.

దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.