మాటిమాటికి ఆగిపోవు కంప్యూటరు
నెల్లూరు తీరగ్రామముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగము



2019 అక్టోబరు 2న మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ఆరంభమైన నాటినుండి పల్లెకు కంప్యూటరు క్రొత్త గాదు. నేడు మీలో అనేకుల యిండ్లలోను అది యున్నది. రొయ్యల గుంటల లెక్కలు, బిడ్డల దరఖాస్తులు, వార్డు సమస్యల జాబితాలు అందులోనే దాచుకొనుచున్నారు. అట్టి యంత్రము పని నడుమ ఆగి, తనంతట తానే మరల మొదలగుచున్నచో, వ్రాయుచున్నది పోవును. కొన్నాళ్లకు దాచినదియు పోవచ్చును. అంతమాత్రమున క్రొత్తది కొనుటకు తొందరపడకుడు. కారణము వెదకుటకు ఒక వరుస కలదు.

మొదట, యంత్రము నడచుచుండగానే ముఖ్యమైన కాగితములకు పెన్‌డ్రైవులో నకలు తీసికొనుడు. మరమ్మతు ఆ తరువాతనే.

రెండవది విద్యుత్తు. మన యిండ్లకు రావలసినది 230 వోల్టులు. మోటార్లు, గుంటల ఏరేటర్లు నడచు వేళలందే కంప్యూటరు ఆగుచున్నదేమో రెండు మూడు దినములు గంటలతో సహా వ్రాసి చూడుడు. ప్లగ్గు వదులైనదేమో, యు.పి.ఎస్. బ్యాటరీ బలము తగ్గినదేమో పరీక్షింపుడు.

మూడవది వేడి. దుమ్ము ఫ్యానున కడ్డుపడినచో ప్రాసెసరు మితిమీరి వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై ఆగిపోవును. కొంతసేపు పని చేసిన పిదపనే ఆగుచున్నచో, ముందుగా వేడినే అనుమానింపవలెను.

నాల్గవది ఉప్పు. మైపాడు, తుమ్మలపెంట వంటి గ్రామములకు సముద్రపుగాలి ఉప్పును మోసికొని వచ్చును. గాలిలోని తేమ సుమారు 75 శాతము మించినచో ఉప్పు నీటిని పీల్చి కరగును. ఇస్కపల్లి ఉప్పుమడుల నెరిగిన మీకు ఇది వింత గాదు. ఆ తడియుప్పు లోపలి అతుకులకు చిలుము పట్టించును. ప్లగ్గు తీసి, పెట్టె తెరచి, దాని యినుమును ఒకమారు తాకి, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులుపుడు. మెమరీ పలకను తీసి, అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి గట్టిగా అమర్చుడు. విద్యుత్తు నిచ్చు ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసినను అందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. ల్యాప్‌టాపును మరమ్మతుదారునకే అప్పగింపుడు.

ఐదవది ప్రోగ్రాములు. సేఫ్ మోడ్‌లో నిలకడగా నడచినచో, దోషము ఇటీవల చేర్చిన ప్రోగ్రాములో నుండవచ్చును. దానిని తొలగించి చూడుడు. తెరపై కనబడు దోషసంఖ్యను వ్రాసికొనుడు; మరమ్మతుదారునకు అది దారి చూపును.

ఒకమారు ఒక్క మార్పే చేయుడు. వీథిదీప మారినపుడు బల్బును, తీగెను, స్విచ్చిని ఒక్కొక్కటిగా చూతుము గదా! అన్నియు ఒకేసారి మార్చినచో, యంత్రము బాగుపడినను కారణము తెలియదు. కారణము తెలియని దోషము మరల వచ్చినపుడు, మరల ఖర్చు తప్పదు.