పూత రాకముందే దరఖాస్తు
(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఉంగుటూరులో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసలో గోడకు ఆనుకుని నిలబడ్డ డిగ్రీ పిల్లలు, బీటెక్ పిల్లలు కాస్త ముందుకు రండి. ఈ మాటలు మీ కోసమే.

నేను గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌ని. బీఎడ్ చదివిన దాన్ని కాబట్టి మైకు ఇచ్చినా పాఠమే చెబుతాను. పెన్నున్నవాళ్ళు పెన్ను, ఫోనున్నవాళ్ళు ఫోను తీయండి. కొన్ని అంకెలు రాసుకోవాలి.

హాస్టల్లో చదివి వెళ్ళిన పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఫారిన్‌లో చదవాలంటే ఎంతవుతుంది?" ఈ ప్రశ్న దగ్గరే మనవాళ్ళు ఆగిపోతారు. విజయవాడలో కన్సల్టెన్సీకి వెళ్తే నలభై లక్షలంటారు. బ్యాంకుకు వెళ్తే తాకట్టుకు ఏముందంటారు. మామిడి తోటలో కాపలా ఉండే నాన్న, కూలికి వెళ్ళే అమ్మ ఏం తాకట్టు పెడతారు? అందుకని ప్రశ్న మార్చండి. "ఈ చదువుకు డబ్బు ఎవరిస్తారు? వాళ్ళను ఎప్పుడు అడగాలి?" ఈ రెండింటికీ జవాబులున్నాయి.

విదేశీ చదువు మనది కాదని ఎవరైనా అంటే వాళ్ళకు మూడు పేర్లు చెప్పండి. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. జైపాల్ సింగ్ ముండా ఛోటా నాగపూర్ ఆదివాసీ పల్లెలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన భారత హాకీ జట్టుకు కెప్టెన్ అయ్యారు. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతయ్యారు. రామ్‌దయాళ్ ముండా చికాగోలో పీహెచ్‌డీ చేసి, మిన్నెసోటాలో పాఠాలు చెప్పి, తిరిగి రాంచీ వచ్చి విశ్వవిద్యాలయంలో గిరిజన భాషలకు ఒక విభాగం నిలబెట్టారు. అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. వీళ్ళెవరూ ఇంటి డబ్బుతో ఓడ ఎక్కినవాళ్ళు కాదు.

ఇంకో సంగతి. హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు 1940లలో చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, గోండుల మధ్య ఉండి పుస్తకాలు రాశారు. చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్ల పుస్తకం 1945లో వచ్చాయి. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. మంచి పనే. కానీ ఎనభై ఏళ్ళు గడిచాయి. మన తాతల ఫొటోలు చూడటానికి, వాటి కింద ఏం రాసి ఉందో సరిచూడటానికి మన పిల్లలు ఎంతమంది అక్కడికి వెళ్ళారు? పరిశోధన చేసేది ఒకరు, చేయించుకునేది మనం అన్న లెక్క మారాలంటే మీలో కొందరు ఆ గదుల్లోకి వెళ్ళి కూర్చోవాలి.

ఇక డబ్బు ఎక్కడుందో చెబుతాను. నాలుగు దారులు.

మొదటిది మనకోసమే ఉన్నది. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ వారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఏడాదికి 20 మందికి ఇస్తారు. 17 ఎస్టీలకు, 3 పీవీటీజీలకు, అంటే మన రాష్ట్రంలో చెంచు, కొండరెడ్డి లాంటి సమూహాలకు. మొత్తంలో 30 శాతం ఆడపిల్లలకు. పీజీ, పీహెచ్‌డీ, ఆ పై పరిశోధన మూడింటికీ వర్తిస్తుంది. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపు ఉండాలి. ఫీజు వాళ్ళే కడతారు. ఖర్చులకు అమెరికాలోనైతే ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌లోనైతే 9,900 పౌండ్లు. విమానం టికెట్టు, వీసా ఖర్చు కూడా అందులోనే. దేశం మొత్తానికి ఇరవయ్యేనా అని నిట్టూర్చకండి. డీఎస్సీకి ఎంతమందితో పోటీ పడుతున్నారో మీకు తెలుసు. ఇక్కడ వరుసలో నిలబడేవాళ్ళు అంతమంది ఉండరు. వరుస ఉందనే చాలామందికి తెలియదు.

రెండోది రాష్ట్ర ప్రభుత్వ సాయం. తెలంగాణలో ఉన్న మన బంధువుల పిల్లలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు వస్తుంది. మన రాష్ట్రంలో విదేశీ విద్య పథకం పేరు, నియమాలు ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చాయి. కాబట్టి పాత జీవో ఫోన్లో పెట్టుకుని లెక్కలు వేయకండి. దరఖాస్తు చేసే ఏడాది జిల్లా గిరిజన సంక్షేమ అధికారి కార్యాలయానికి స్వయంగా వెళ్ళి అడగండి. ఈ ఒక్క పథకాన్నే నమ్ముకుని విమానం ఎక్కొద్దు. వాయిదా ఆలస్యమైతే పరాయి దేశంలో అద్దె ఎవరూ కట్టరు.

మూడోది ఆయా దేశాలు ఇచ్చేవి. వీటిని కులం, ఆదాయం చూసి ఇవ్వరు. మన పిల్లలు ఇవి మనవి కావనుకుంటారు. మనవే.

బ్రిటన్ వారి చీవ్‌నింగ్ ఏడాది పీజీకి మొత్తం ఖర్చు ఇస్తుంది. రెండేళ్ళ పని అనుభవం, అంటే 2,800 గంటలు చూపాలి. పార్ట్ టైమ్ పని, స్వచ్ఛంద సేవ కూడా లెక్కలోకి వస్తాయి. సంఘంలో చేసిన పనికి కాగితం ఎందుకు దాచుకోవాలో ఇప్పుడు అర్థమైందా? చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్నది దాని షరతు. మనకది షరతే కాదు.

అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఉంది. దాని పీజీ ఫెలోషిప్‌కు నాలుగేళ్ళ డిగ్రీ, లేదా మూడేళ్ళ డిగ్రీ మీద పీజీ, దానికి తోడు మూడేళ్ళ ఉద్యోగ అనుభవం కావాలి. ఇక్కడే పీహెచ్‌డీ చేస్తూ కొన్ని నెలలు అక్కడ పరిశోధన చేసి రావడానికి వేరే ఫెలోషిప్ ఉంది. యూరప్ వారి ఎరాస్మస్ ముండస్‌కు అనుభవం అక్కర్లేదు. ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు, కనీసం రెండు దేశాల్లో చదువుతారు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. అయితే వీసాకు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే ఖాతాలో చూపాలి. అది మన రూపాయల్లో పది లక్షలకు పైమాటే. "ఫీజు లేదు" అనగానే గంతేయకుండా డాడ్ అనే వాళ్ళ స్కాలర్‌షిప్‌కు కూడా దరఖాస్తు పెట్టండి. అది వస్తే ఆ ఖాతా బాధ ఉండదు.

నాలుగోది మనవాళ్ళకు అసలు తెలియనిది. అమెరికాలో సైన్సు, ఇంజనీరింగ్, భాషాశాస్త్రం, మానవశాస్త్రం లాంటి విభాగాల్లో పీహెచ్‌డీకి సీటు ఇస్తే మామూలుగా ఫీజు మాఫీ చేసి నెలనెలా జీతం లాంటిది కూడా ఇస్తారు. బదులుగా తరగతులకో, ప్రయోగశాలకో పని చేయాలి. ఎంఎస్‌కు అప్పు చేసి వెళ్ళడం అందరికీ తెలుసు. పీహెచ్‌డీకి వాళ్ళే డబ్బిస్తారని తెలియదు. నాలుగేళ్ళ బీటెక్‌తో నేరుగా పీహెచ్‌డీకి అడగవచ్చు. మన పక్కన నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలు ఈ మాట రెండుసార్లు రాసుకోండి.

ఇప్పుడు ఎప్పుడు అడగాలన్నది. ఇక్కడే మన పిల్లలు జారిపోతున్నారు.

మన నూజివీడు వైపు తోటల కాలం మీకు చెప్పక్కర్లేదు. డిసెంబరు, జనవరిలో పూత. ఏప్రిల్, మే నెలల్లో కోత. కాయ కావాలంటే తోట పని ఎప్పుడో మొదలవ్వాలి. విదేశీ దరఖాస్తులదీ అదే కాలం. చీవ్‌నింగ్ ఆగస్టులో తెరిచి అక్టోబరు మొదట్లో మూస్తారు. అమెరికా పీహెచ్‌డీలకు ఎక్కువచోట్ల డిసెంబరులోనే గడువు. ఎరాస్మస్ ముండస్ చాలావాటికి అక్టోబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా. అంటే పూత కనబడే సరికి మీ దరఖాస్తు వెళ్ళిపోయి ఉండాలి. జవాబులు కోతల నాటికి వస్తాయి. చదువు ఆ తర్వాత ఆగస్టు, సెప్టెంబరులో మొదలవుతుంది. డిగ్రీ అయిపోయాక మేలో "మేడమ్, ఏమైనా స్కాలర్‌షిప్పులు ఉన్నాయా" అని ఫోన్ చేస్తే నేనేం చెప్పను? చివరి ఏడాది మొదట్లోనే పని ప్రారంభించాలి. నేషనల్ ఓవర్సీస్ నోటిఫికేషన్ మాత్రం ఏటా ఒకే తేదీన రాదు. దానికోసం మంత్రిత్వ శాఖ పోర్టల్ నెలకోసారి చూస్తుండాలి.

కాగితాల మాట. మా హాస్టల్లో చదివిన ఒకమ్మాయికి బ్రిటన్‌లో పీజీకి సీటు వచ్చింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, తండ్రి ఆదాయ పత్రంలో ఇంకోలా ఉంది. ఒక కార్యాలయంలో ఇవాళ రా, రేపు రా అని తిప్పారు. ఒక్క అక్షరం దిద్దేలోపు స్కాలర్‌షిప్ గడువు దాటిపోయింది. ఆ అమ్మాయి కూర్చుని ఏడవలేదు. ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 750 మందికి ఇచ్చే నేషనల్ ఫెలోషిప్ తెచ్చుకుని మన దేశంలోనే పీహెచ్‌డీ చేస్తోంది. అయినా ఆ సీటు పోవాల్సింది కాదు.

మనవాళ్ళ పేర్లు రికార్డుల్లో ఎలా ఎక్కాయో అందరికీ తెలుసు. తండాలో ఒక పేరు, బడిలో సారు రాసింది ఇంకో పేరు, ఆధార్‌లో మూడోది. కాబట్టి డిగ్రీ రెండో ఏడాదిలోనే పదో తరగతి మెమో, ఆధార్, కుల పత్రం, అమ్మానాన్నల ఆధార్ నాలుగూ వరుసగా పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే అప్పుడే దిద్దించండి. తర్వాత పాస్‌పోర్టు. మామూలు దరఖాస్తుకు 1,500 రూపాయలు, విజయవాడలోనే పని అవుతుంది. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్టీఎస్ మార్కులు రెండేళ్ళే చెల్లుతాయి, కాబట్టి అది మరీ ముందు రాయొద్దు.

దరఖాస్తులో రెండు చోట్ల మనవాళ్ళు తడబడతారు. ఒకటి, టీచర్ల సిఫారసు ఉత్తరాలు. వెనక బెంచీలో తలవంచుకుని కూర్చుంటే ఏ లెక్చరరు మీ గురించి ఏం రాస్తారు? సందేహం అడగండి, ప్రాజెక్టు చేయండి, మీ పేరు ఆయనకు తెలియాలి. ఉత్తరం కావాలని కనీసం నెల ముందు అడగండి.

రెండోది, ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే పత్రం. "మాది పేద కుటుంబం, దయచేసి సాయం చేయండి" అని రాస్తారు. పేదరికం ఆదాయ పత్రంలో ఉంటుంది. ఇక్కడ మీ ప్రశ్న ఉండాలి. మీ ఊళ్ళో పిల్లలకు సికిల్ సెల్ ఉందా? 2023లో కేంద్రం దాని నిర్మూలనకు మిషన్ మొదలుపెట్టింది, ఆ రక్తపరీక్ష తండా దాకా ఎందుకు రాదో అడగండి. ఇంట్లో మాట్లాడే భాషకు లిపి లేదా? బడిలో మొదటి రోజు ఆ పిల్ల ఎందుకు మాట్లాడదో అడగండి. తోటలో మందు కొట్టే నాన్నకు చేతులు ఎందుకు మండుతున్నాయో అడగండి. అక్కడి ప్రొఫెసర్ ఎంత చదివినా ఈ ప్రశ్నలు ఆయనకు తట్టవు. మీకు తడతాయి.

"గ్యారంటీ స్కాలర్‌షిప్, ముందు యాభై వేలు కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. నేను చెప్పిన ఫెలోషిప్పుల్లో ఏదీ దరఖాస్తుకు రుసుము అడగదు. అమెరికా విశ్వవిద్యాలయాలు దరఖాస్తు ఫీజు తీసుకుంటాయి. మాఫీ చేయమని మెయిల్ పెడితే చాలాచోట్ల చేస్తారు.

అమ్మలకు, నాన్నలకు ఒక మాట. పిల్ల దూరం వెళ్తే మన మనిషి కాకుండా పోతుందేమోనని మీ భయం. ఆరో తరగతిలో ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని మా హాస్టల్‌కు తెచ్చి దించినప్పుడూ అదే భయం. అయినా దించారు. డిగ్రీ కాగానే సంబంధం చూడటం మొదలుపెట్టకుండా ఒక్క ఏడాది ఆగండి. ఆ ఏడాదే దరఖాస్తుల ఏడాది.

సంఘం పెద్దలను ఒకటే అడుగుతున్నాను. ఒక రిజిస్టరు పెట్టండి. మన ప్రాంతంలో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న ప్రతి బిడ్డ పేరు, చదువు, ఫోన్ నంబరు రాయించండి. నెలకో ఆదివారం కూర్చుని కాగితాలు సరిచూద్దాం, పత్రాలు దిద్దుదాం. ఇంగ్లీషు తప్పులు దిద్దే పని నాది. ఈ సభ అయ్యాక భోజనాల దగ్గర బల్ల మీద ఒక నోటుబుక్కు పెడతాను. పేరు రాసి, అప్పుడు విస్తరి ముందు కూర్చోండి.

సెలవు. జై ఆదివాసీ.