ట్రినిడాడ్ క్రిస్మస్‌లో మన పుంటికూర

డిసెంబర్ వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్ బేకరీల ముందు ప్లమ్ కేకులు, ఎల్బీనగర్ కాలనీల్లో రాత్రిపూట క్యారల్స్. చర్చి యూత్ గిటార్, డోలక్ పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు కదా. రెండు పాటలు, ఒక ప్రార్థన, తర్వాత ఆ ఇంటివాళ్ళిచ్చే టీ, కేకు. అచ్చం ఇలాంటిదే కరీబియన్ సముద్రంలో ఉన్న ట్రినిడాడ్‌లో కూడా ఉంది. దాని పేరు పరాంగ్.

ట్రినిడాడ్ 1797 దాకా స్పెయిన్ చేతిలో ఉంది, తర్వాత బ్రిటిష్ వాళ్ళది. ఇవాళ అక్కడ మాట్లాడేది ఇంగ్లిష్. కానీ పరాంగ్ పాటలు మాత్రం ఇప్పటికీ స్పానిష్‌లోనే! పక్కనున్న వెనెజులా నుంచి కోకో తోటల పనికి వచ్చినవాళ్ళు వాటిని బతికించారు. వాయించేది క్వాట్రో, అంటే నాలుగు తీగల చిన్న గిటార్ లాంటిది. గుమ్మంలో ఒక పాట, లోపల యేసు పుట్టుక పాటలు, తినేసి వెళ్ళేటప్పుడు ఇంటివాళ్ళకి వీడ్కోలు పాట. పాడేవాళ్ళలో చాలామందికి స్పానిష్ మాట్లాడటం రాదు, పాట మాత్రం వచ్చు.

ఇక్కడే నాకు మనసు చివుక్కుమంది. 1845 నుంచి 1917 దాకా మన దేశం నుంచి 1,40,000 మందికి పైగా అక్కడి తోటల్లో కాంట్రాక్టు కూలీలుగా వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచే. మద్రాసు రేవులో ఎక్కిన కొద్దిమందిలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందరికీ ఒకటే పేరు, 'మద్రాసీ'. ఇళ్ళల్లో తెలుగు మిగల్లేదు. స్పానిష్‌కి ఏడాదికోసారి తలుపు తట్టే పాట దొరికింది, తెలుగుకి దొరకలేదు. నాకైతే అలా అనిపిస్తుంది.

సరే, తిండి. నల్ల కేక్ ఉంటుంది, రమ్‌లో నెలల తరబడి నానబెట్టిన ఎండుద్రాక్షతో. పాస్టెల్ ఉంటుంది, మొక్కజొన్న పిండిలో మాంసం కూర పెట్టి అరటాకులో చుట్టి ఉడికిస్తారు. హిందువుల ఇళ్ళల్లో కూడా క్రిస్మస్‌కి ఇవి కనిపిస్తాయి. వీటన్నిటి పక్కన ఎర్రగా మెరిసే ఒక డ్రింక్, సోరెల్. అదేంటో తెలుసా? మన ఎర్ర గోంగూర, అదే పుంటికూర! మొక్క అదే జాతి, రకం వేరు. మనం ఆకు తింటాం. వాళ్ళు పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే దళసరి ఎర్ర రేకులు వాడతారు.

చేయడం ఈజీ. గింజకాయ తీసేసి, రేకుల్ని అల్లం, లవంగాలు, దాల్చినచెక్కతో మరిగించి, రాత్రంతా మూతపెట్టి ఉంచాలి. పొద్దున వడకట్టి చక్కెర కలిపితే అయిపోయింది. చల్లగా తాగాలి.

అమ్మకి చెప్తే, "పుంటికాయలతో షర్బత్ ఏందిరా?" అంది. ఒక గ్లాసు తాగి ఇంకోటి పొయ్యమంది. పెద్దవాళ్ళు అందులో రమ్ కలుపుకుంటారన్న ముక్క మాత్రం నేను చెప్పలేదు.